గమ్‌బ్యాండ్లు, బబ్లర్లు, ఉడకేసిన చెనిక్కాయలు

1996 ఆగస్టులో మాడిసన్ చేరిన మూడో రోజు. విస్కాన్సిన్ యూనివర్సిటీలో ఏవో ఫారాలు నింపడానికి పొద్దుటి నుంచి ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరుగుతున్నాను. దాహంతో నాలుక పిడచకట్టుకుపోయింది. కౌంటర్ దగ్గరున్న పెద్దావిడను తాగే నీళ్లు ఎక్కడ దొరుకుతాయని అడిగితే, "ఆ మూల తిరగగానే బబ్లర్ ఉంటుంది" అంది. తిరిగాను. అక్కడ గోడకు ఒక స్టీలు తొట్టి ఉంది, దానికో మీట, నొక్కితే పైకి చిమ్మే నీళ్లు. షికాగో విమానాశ్రయంలో దాన్ని వాటర్ ఫౌంటెన్ అంటారని నేర్చుకున్నాను. ఇదేదో వేరే వస్తువై ఉంటుందని దాన్ని దాటుకుని పోయి బబ్లర్ కోసం అంతస్తంతా వెతికాను. తిరిగొచ్చి మళ్లీ అడిగితే ఆవిడ కుర్చీలోంచి లేచి, నాతో పాటు నడిచి, ఆ తొట్టి ముందు నిలబడి మీట నొక్కింది. "ఇదేనమ్మా. నీళ్లు బుడగలు బుడగలుగా పైకి వస్తాయి కదా" అంది. నేను తాగినంతసేపూ అక్కడే నిలబడింది.

ఆ మాట అమెరికా అంతటా లేదని తర్వాత తెలిసింది. విస్కాన్సిన్ తూర్పు భాగంలో వినిపిస్తుంది. మళ్లీ ఎక్కడో దూరంగా రోడ్ ఐలండ్‌లో, మసాచుసెట్స్‌లో కొన్నిచోట్ల అంటారు. మధ్యలో ఉన్న వందల మైళ్లలో ఎవరినైనా బబ్లర్ ఎక్కడని అడిగితే మన ముఖం కేసి చూస్తారు.

ఊరు మారితే వస్తువు పేరు మారడం నాకు కొత్త కాదు. మాది అనంతపురం జిల్లా, తాడిపత్రి దగ్గర పల్లె. ఇంటర్ చదివించడానికి 1990లో మా నాయన నన్ను విజయవాడ దగ్గర ఒక కాలేజీ హాస్టల్లో చేర్పించాడు. మొదటి రోజు రాత్రి మెస్‌లో "ఎర్రగడ్డ ఉందా అక్కా" అని అడిగాను. వడ్డించే ఆవిడకు అర్థం కాలేదు. పక్కనున్న అమ్మాయిలు నవ్వారు. ఉల్లిపాయ అనాలని అప్పుడు తెలిసింది. ఇంకో రోజు వార్డెన్‌తో "బయటికి పోయేకి పర్మిషన్ కావల్ల మేడమ్" అన్నాను. ఆమె నా చేత ఆ వాక్యాన్ని నాలుగుసార్లు చెప్పించింది, గదిలో ఉన్నవాళ్లందరూ వినేదాకా. ఆ తర్వాత నేను మాట్లాడడమే తగ్గించేశాను. నోరు తెరిచే ముందు ప్రతి మాటనూ లోపల ఒకసారి అనుకుని చూసుకునేదాన్ని.

దసరా సెలవులకు ఇంటికి పోయేసరికి నా మాట మారిపోయింది. మా జేజి, అంటే నాయనమ్మ, అరుగు మీద కూర్చుని చెనిక్కాయలు వలుస్తోంది. నేను "వెళ్తున్నాను", "చేయడానికి" అంటుంటే కాసేపు విని, "ఎవురి మాట మాట్లాడుతాండావే పాపా?" అంది. కోపంగా అనలేదు. పక్కూరి నుంచి వచ్చిన పిల్లను ఏ ఇంటి దానివని అడిగినట్టు అడిగింది. ఆ అడగడం నన్ను చాలా ఏళ్లు వెంటాడింది.

అందుకేనేమో, మాడిసన్‌లో తోటి విద్యార్థులు చలిని గురించీ, గ్రేడ్లను గురించీ ఇంటికి ఉత్తరాలు రాస్తుంటే, నేను ఒక నోటుబుక్కులో మాటలు రాసుకునేదాన్ని. ట్రాఫిక్ సిగ్నల్‌ను అక్కడి పెద్దవాళ్లు స్టాప్ అండ్ గో లైట్ అనేవాళ్లు. బ్యాగ్ అనే మాటను బేగ్ అన్నట్టుగా సాగదీసేవాళ్లు. మా ల్యాబ్‌లో అమ్మాయి "మేం భోజనానికి పోతున్నాం, యూ వానా కమ్ విత్?" అని ఆపేస్తే, ఎవరితో రావాలో చెప్తుందని నేను ఎదురుచూసేదాన్ని. వాక్యం అక్కడితో అయిపోయిందని చాలా రోజులకు అర్థమైంది. జర్మన్లు పెద్ద సంఖ్యలో వచ్చి స్థిరపడిన ప్రాంతమది, ఆ విత్ వాళ్ల భాష ఛాయ అని చెప్పారు. మిల్వాకీ నుంచి వచ్చిన ఇంకో అమ్మాయి "సోడా తాగుతావా" అంటే నా కళ్ల ముందు తాడిపత్రి బస్టాండు, గోలీ సోడా, బొటనవేలితో గోలీని లోపలికి నొక్కే శబ్దం అన్నీ మెదిలాయి. ఆమె చేతికిచ్చింది మాత్రం కోక్ డబ్బా.

నేను లైబ్రరీలో పార్ట్‌టైమ్ పని చేసిన భవనం పేరు హెలెన్ సి. వైట్ హాల్. కిటికీలోంచి మెండోటా సరస్సు కనపడేది. అదే భవనంలో పై అంతస్తులో ఒక పదకోశం తయారవుతోందని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. దాని పేరు డిక్షనరీ ఆఫ్ అమెరికన్ రీజినల్ ఇంగ్లిష్. అందరూ పొడి అక్షరాల్లో డేర్ అనేవాళ్లు. జనం ఇంట్లో, పొలంలో, వీధిలో అనే మాటల కోసమే పుట్టిన నిఘంటువు. మొదటి సంపుటం తీసి బి అక్షరం దగ్గర తెరిచాను. బబ్లర్ ఉంది. ఎర్రగడ్డ అన్నందుకు నవ్వించుకున్న పిల్లకు, ఒక ఊరి మాట అంత లావు పుస్తకంలో, అంత మర్యాదగా, ఎక్కడెక్కడ ఎవరెవరు అంటారో రాసి ఉండడం చూస్తే గొంతులో ఏదో అడ్డుపడింది.

ఆ పని మొదలుపెట్టిన ప్రధాన సంపాదకుడు ఫ్రెడరిక్ క్యాసిడీ జమైకాలో పుట్టినవాడు. ఆయన 1965 నుంచి 1970 దాకా విద్యార్థులను, ఉపాధ్యాయులను దేశమంతా పంపాడు. పడుకోవడానికి కూడా వీలుండే వ్యాన్లలో పోయేవాళ్లు, ఆ బండ్లకు వర్డ్ వేగన్లని పేరు. మొత్తం 1,002 ఊళ్లు, 2,777 మంది మనుషులు, ఒక్కో ఊరికీ 1,600కు పైగా ప్రశ్నలు. వానను గురించి, పశువులను గురించి, వంటపాత్రలను గురించి, జబ్బులను గురించి. మాటను ప్రశ్నలో ఇవ్వకూడదు, వస్తువును వర్ణించి పేరు వాళ్ల నోటి నుంచే రానివ్వాలి. ఉదాహరణకు కాలిబాటకూ రోడ్డుకూ మధ్య ఉండే గడ్డి పట్టీని మీరేమంటారు? మాడిసన్‌లో దాన్ని టెర్రస్ అంటారు. మనకు టెర్రస్ అంటే మేడ. అదే పట్టీ షికాగోలో పార్క్‌వే, క్లీవ్‌లాండ్‌లో ట్రీ లాన్, ఆక్రన్‌లో డెవిల్ స్ట్రిప్. ఈ చివరి మాటకు ఒక కథ ఉంది. పిల్లను ఎత్తుకుపోయిన ఒకడు, డబ్బును డెవిల్ స్ట్రిప్ మీది చెత్తడబ్బాలో పెట్టమని చీటీ రాశాడట. చదువురానివాడు రాసినట్టు కావాలని తప్పులు పెట్టాడు. రోజర్ షై అనే భాషాశాస్త్రవేత్త ఆ ఒక్క మాట పట్టుకుని, రాసినవాడు చదువుకున్నవాడే, ఆక్రన్ మనిషే అని చెప్పాడు. పోలీసుల దగ్గరున్న అనుమానితుల్లో అలాంటివాడు ఒక్కడే ఉన్నాడు, వాడే దోషి. స్పెల్లింగ్ మార్చగలిగాడు కానీ, ఆ గడ్డికి ఇంకో పేరు ఉంటుందని మాత్రం వాడికి తోచలేదు.

నేను అక్కడున్నప్పుడు పదకోశం ఓ అక్షరం దాకా వచ్చింది. క్యాసిడీ 2000లో పోయాడు. ఆఖరి మాటల సంపుటం 2012లో వచ్చింది. ఆయన సమాధి రాయి మీద "ఆన్ టు జీ" అని చెక్కారు, ఆఖరి అక్షరం దాకా పోదాం పదండి అని. మన దగ్గర కూడా ఇలాంటి పని జరిగిందని మాడిసన్‌లోనే తెలుసుకున్నాను. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలతో, 1962లోనే వచ్చింది. నాగలికీ కాడికీ మా ఊళ్లో ఉన్న మాటలు కూడా ఎవరో వచ్చి రాసుకుని పోయి ఉంటారన్న ఆలోచనే నాకు ధైర్యమిచ్చింది. హాస్టల్లో ఉన్నప్పుడు ఆ పుస్తకం ఎవరైనా నా చేతిలో పెట్టి ఉంటే ఎంత బాగుండేది.

1998లో పిట్స్‌బర్గ్‌లో ఉద్యోగం వచ్చింది. మొనాంగహీలా నది వైపు దిగే ఏటవాలు వీధిలో, ఒక పెద్దావిడ ఇంటి పై వాటా అద్దెకు తీసుకున్నాను. ఆమె భర్త ఉక్కు మిల్లులో పనిచేసి పోయాడు. మొదటి మూడు నెలలు ఆమె నాతో రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడింది. ప్రతి మాటా విడివిడిగా, శుభ్రంగా. నా ఇంగ్లిష్ బాగుండదని అనుకుంటోందేమోనని నాకు కొంచెం బాధగా ఉండేది.

డిసెంబరులో ఒక సాయంత్రం ఆమె క్రిస్మస్ కార్డులు కట్టలు కడుతోంది. నేను ఎదురుగా కూర్చుని స్టాంపులు అంటిస్తున్నాను. తల ఎత్తకుండానే "ఆ గమ్‌బ్యాండ్ ఇట్లా ఇవ్వు" అంది. వెంటనే ఆగి, "అదే, రబ్బరు బ్యాండ్" అని సర్దుకుంది. ఆమె మెడ ఎర్రబడింది. ఆ ఎరుపు నాకు తెలుసు. హాస్టల్ మెస్‌లో నా చెవులు అలాగే కాలిపోయాయి.

గమ్‌బ్యాండ్ చాలా మంచి మాట, నాకు కావాలి అన్నాను. ఆమె నమ్మలేదు. అప్పుడు ఎర్రగడ్డ సంగతి చెప్పాను, వార్డెన్ గదిలో నాలుగుసార్లు చెప్పించడం చెప్పాను. ఆమె కార్డులు పక్కన పెట్టింది. చిన్నప్పుడు బడిలో "ద కార్ నీడ్స్ వాష్డ్" అని రాసినందుకు టీచర్ తరగతి ముందు నిలబెట్టిందట. మధ్యలో టు బి ఎక్కడ పోయిందని అడిగిందట. ఇంట్లో అమ్మా నాన్నా, చర్చిలో పాస్టరూ అందరూ అలాగే అంటుంటే, లేని మాట ఎక్కడి నుంచి తేవాలో ఆ పిల్లకు తెలియలేదు. కొడుకు వేరే రాష్ట్రంలో ఉంటాడు, తన స్నేహితుల ముందు అమ్మ ఫోన్‌లో అలా మాట్లాడితే చిరాకు పడతాడు. అందుకే కొత్తవాళ్ల ముందు జాగ్రత్తగా మాట్లాడడం అలవాటైందని చెప్పింది. నాకోసం కాదు, తనకోసమే అలా మాట్లాడిందని అప్పుడు తెలిసింది.

ఆ రాత్రి నుంచి ఆమె నాకు పిట్స్‌బర్గ్ మొత్తం ఇచ్చేసింది. ఇల్లు సర్దడం రెడ్ అప్. పక్కింటి విషయాల్లో తలదూర్చేవాళ్లు నెబీ, ముక్కును నెబ్ అంటారు కాబట్టి. మంచు పడ్డ మెట్లు స్లిప్పీ. వాక్యూమ్ క్లీనర్ స్వీపర్. గులాబీ ముళ్లు జాగర్లు. వీటిలో చాలావరకు 18వ శతాబ్దంలో ఉత్తర ఐర్లాండ్ వైపు నుంచి వచ్చిన స్కాచ్-ఐరిష్ వాళ్ల మాటలు, వాళ్ల పిల్లలు, వాళ్ల తర్వాత గనుల్లోకీ మిల్లుల్లోకీ వచ్చిన అందరి పిల్లలూ అవే నేర్చుకున్నారు. వాళ్లలో ఎవరి ఊళ్లో ఏ మాట పుట్టిందో ఆమెకు తెలియదు. మా అమ్మ మాట, అంతే అనేది.

అన్నిటికన్నా నాకు నచ్చిన మాట యింజ్. ఇద్దరు ముగ్గురిని కలిపి పిలవాలంటే "యింజ్ అన్నం తిన్నారా" అన్నట్టు అడుగుతారు. మనకు నువ్వు, మీరు అనే తేడా పుట్టుకతోనే తెలుసు. ఇంగ్లిష్ నేర్చుకున్న రోజు నుంచీ ఒకరికీ వందమందికీ ఒకే యూ ఏమిటని నాకు వెలితిగానే ఉండేది. ఆ వెలితి వాళ్లకు కూడా ఉందని, ఏ ప్రాంతం వాళ్లు ఆ ప్రాంతంలో దాన్ని పూడ్చుకున్నారని అమెరికా తిరిగితే గానీ తెలియలేదు. దక్షిణాన యాల్, న్యూయార్క్ వైపు యూజ్, ఉత్తరాన యూ గైజ్, పిట్స్‌బర్గ్‌లో యింజ్. వ్యాకరణం పుస్తకంలో లేనిదాన్ని జనం తమకు తాము చేసుకున్నారు. ఇంతకన్నా గొప్ప పని ఏ పండితుడు చేస్తాడు?

పిట్స్‌బర్గ్ అంటే మన వాళ్లకు ముందు గుర్తొచ్చేది పెన్ హిల్స్ కొండ మీది వెంకటేశ్వర స్వామి గుడి. 1970ల్లో కట్టారు. ఒక శనివారం మా ఇంటావిడ తన కారులో నన్ను తీసుకుపోయింది. చెప్పులు విప్పి, అందరిలాగే వరుసలో నిలబడి తీర్థం తీసుకుంది. కింద భోజనాల హాల్లో పులిహోర తింటుంటే మా చుట్టూ తెలుగు మాటలు. గుంటూరు వైపు దీర్ఘాలు, వరంగల్ వైపు "ఎట్లున్నవ్", విశాఖ వైపు "ఏటి". మా పక్కన కూర్చున్న ఒక పెద్దామె నన్ను చూసి, "యాడనుంచి వచ్చినావు పాపా?" అంది. కడప మనిషి, కొడుకు దగ్గరికి వచ్చి ఆరు నెలలైందట. "తాడిపత్రి కాడ నుంచి వచ్చినా అవ్వా. నువ్వు ఎట్లుండావు? చలికి తట్టుకుంటాండావా?" అన్నాను. అనేశాక గమనించాను. ఎనిమిదేళ్లుగా ఇంటి బయట ఎవరితోనూ ఆ మాట మాట్లాడలేదు. ఆ అవ్వ నా చేయి పట్టుకుని, సంగటి తినక నోరు చచ్చిపోయిందని, ఇక్కడి వంకాయలకు రుచి లేదని, కొడుకు పొద్దునపోయి రాత్రికి వస్తాడని అన్నీ చెప్పింది. నేను కూడా అట్లే మాట్లాడుకుంటా పోయినా.

తిరిగొచ్చేటప్పుడు కారులో మా ఇంటావిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వంతెన దాటాక, "ఆ పెద్దామెతో మాట్లాడినప్పుడు నీ గొంతు వేరేగా ఉంది. మిగతా తెలుగువాళ్లతో మాట్లాడేటప్పుడు అలా లేదు" అంది. ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు. "నేను మా చెల్లెలితో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు మాదిరిగా" అని కూడా అంది.

2001లో పెళ్లయి అలబామాలోని బర్మింగ్‌హామ్‌కు వచ్చాం. మా ఆయనది కరీంనగర్ వైపు. ఇంట్లో మా ఇద్దరికీ ఎర్రగడ్డా ఉల్లిగడ్డా, తెల్లగడ్డా ఎల్లిగడ్డా నడుస్తుంటే, బయట ఇంకో అమెరికా మొదలైంది. అక్కడ ఏ కూల్‌డ్రింక్ అయినా కోక్. "ఏం కోక్ కావాలి?" అని అడిగితే "ఆరెంజ్" అని చెప్పాలి. కోకాకోలా 1886లో పుట్టింది పక్కనే అట్లాంటాలో కాబట్టి, వాళ్లకు ఆ పేరు జాతి పేరై కూర్చుంది. బండిని బగ్గీ అనేవాళ్లు, సూపర్‌మార్కెట్లో తోసుకుపోయేదాన్ని. మీట నొక్కడం మ్యాష్ చేయడం, లైటు ఆపడం కట్ ఆఫ్ చేయడం, ఏదైనా చేయబోతుంటే ఫిక్సిన్ టు. ఆఫీసులో పక్క సీటాయన "ఇంక్ పెన్ ఉందా" అని అడిగితే, ఈ రోజుల్లో సిరా పెన్ను ఎవరి దగ్గర ఉంటుందని ఆశ్చర్యపోయాను. వాళ్ల నోట్లో పిన్, పెన్ రెండూ ఒకే మాదిరి పలుకుతాయి. ఏది కావాలో తెలియడానికి ముందు ఇంక్ అని చేర్చుకుంటారు.

ఒక పొరపాటు మాత్రం ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటుంది. మా వీధిలో ఒక ముసలి దంపతులు ఆదివారం డిన్నర్‌కు పిలిచారు. మేం సాయంత్రం ఆరున్నరకు పాయసం గిన్నెతో వెళ్లాం. ఆవిడ తలుపు తీసి ఒక్క క్షణం అలాగే నిలబడింది. ఆ తరం దక్షిణాదివాళ్లకు డిన్నర్ అంటే మధ్యాహ్న భోజనం, ఆదివారమైతే చర్చి నుంచి రాగానే. రాత్రి తినేది సప్పర్. ఒంటిగంట నుంచి మాకోసం కోడి వేపుడూ, బీన్సూ, కార్న్‌బ్రెడ్డూ పెట్టుకుని ఎదురుచూసి, చివరికి మూతలు పెట్టేశారు. ఆ సంగతి మేం వాళ్ల ముఖం చూసి, బల్ల మీది ఖాళీ ప్లేట్లు చూసి అర్థం చేసుకున్నామే తప్ప వాళ్లు ఒక్క మాట అనలేదు. "సప్పర్‌కు సరిగ్గా టైముకు వచ్చారు, లోపలికి రండి" అంది ఆవిడ. అన్నీ మళ్లీ వేడి చేసి పెట్టింది. మా ఊళ్లో జేజి కూడా అంతే, వేళ తప్పి వచ్చినవాళ్లను వేళ అడిగేది కాదు.

బర్మింగ్‌హామ్ నుంచి సముద్రం దాకా, గల్ఫ్ షోర్స్‌కు, కారులో పోతుంటే రోడ్డు పక్కన చేత్తో రాసిన బోర్డులు కనపడతాయి, బాయిల్డ్ పీనట్స్ అని. మొదటిసారి చూసినప్పుడు మా ఆయనను బండి ఆపమని అరిచాను. ఒక డేరా కింద పెద్ద గంగాళంలో ఉప్పునీళ్లు మరుగుతున్నాయి, అందులో పొట్టుతో సహా చెనిక్కాయలు. గరిటెతో తోడి సంచిలో పోసిచ్చారు. అనంతపురం జిల్లాలో పుట్టినదానికి చెనిక్కాయ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. వాన పడితే చెనిక్కాయ, పడకపోతే అప్పు, అదే మా బతుకు. కొత్త పంట రాగానే జేజి పచ్చికాయలు ఉప్పేసి ఉడకేసేది. కారు బానెట్ మీద సంచి పెట్టుకుని, ఒక్కోటి పళ్ల మధ్య నొక్కి, ముందు ఉప్పునీళ్లు పీల్చి తర్వాత గింజ తిన్నాను. అదే రుచి. మా ఆయన పల్లికాయ అన్నాడు, నేను చెనిక్కాయ అన్నాను, అమ్మే పెద్దాయన గూబర్ అన్నాడు.

ఆ గూబర్ అనే మాట ఆఫ్రికాది. కాంగో ప్రాంతపు భాషల్లో ఎన్‌గూబా అంటారు. బానిసలుగా ఓడల్లో తెచ్చిన మనుషుల నుంచి పేర్లు తీసేసుకున్నారు, ఊళ్లు తీసేసుకున్నారు, బిడ్డలను తీసేసుకున్నారు. ఆ కాయకు వాళ్లు పెట్టుకున్న పేరు మాత్రం వాళ్ల నోట్లోనే ఉండిపోయి, వాళ్లను కొనుక్కున్నవాళ్ల మనవళ్ల నోట్లోకి కూడా వచ్చేసింది. ఆ గూబర్ అమ్మిన పెద్దాయన నల్లాయన. నాకు ఇంకో రెండు గరిటెలు ఊరికే వేశాడు. ఆ మాట ఎక్కడిదో ఆ రోజు నాకు తెలియదు. తెలిశాక, ఆ దారిన పోయినప్పుడల్లా ఆ డేరా కోసం చూశాను. తర్వాతి ఏడాది అక్కడ లేదు.

మా పాప 2003లో పుట్టింది. దానికి నాలుగేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం ఎండ కాస్తుండగానే వాన వచ్చింది. నేను వరండాలోకి ఎత్తుకుపోయి, "ఎండా వానా వచ్చిందంటే కుక్కకూ నక్కకూ పెండ్లి" అని మా జేజి చెప్పినట్టే చెప్పాను. అది చాలా గంభీరంగా తలూపి, డేకేర్‌లో వేరేగా చెప్పారు అంది. దెయ్యం తన పెళ్లాన్ని కొడుతోందట. దక్షిణాదిలో ఎండావానకు అదే మాట. నాకు కుక్కా నక్కా పెళ్లే నచ్చుతుంది, దాంట్లో ఎవరూ ఏడవరు. కానీ పాప రెండూ ఉంచుకుంది. వాన చిన్నదైతే పెళ్లి, పెద్దదైతే కొట్లాట అని తనే పంచింది.

2013 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ వాళ్లు ఒక క్విజ్ పెట్టారు. మీరు దేన్ని ఏమంటారో 25 ప్రశ్నలకు జవాబు చెప్తే, మీరు అమెరికాలో ఏ ఊరి మనుషులో మ్యాప్ మీద చూపిస్తుంది. ఆఫీసులో అందరూ ఆడారు. అందరికీ ఎక్కడో ఒకచోట చిక్కటి ఎరుపు వచ్చింది. నాకు మాత్రం పిట్స్‌బర్గ్ దగ్గర కొంచెం, అలబామా మీద కొంచెం, మిచిగన్ సరస్సు ఒడ్డున కొంచెం. పిట్స్‌బర్గ్‌లోని మా ఇంటావిడ పోయి అప్పటికి రెండేళ్లు. ఆ మ్యాప్ ప్రింట్ తీసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. ఆ మూడు మచ్చల్లో ఏ మాట ఎవరిచ్చారో నేను చెప్పగలను.

2021లో పాప చదువుకోవడానికి బోస్టన్ వెళ్లింది. మొదటి నెలలో ఒక రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేసింది. మొదట ఏవో మామూలు కబుర్లు. ఇక్కడ మిల్క్‌షేక్‌ను ఫ్రాప్ అంటారమ్మా, కొందరు వాటర్ ఫౌంటెన్‌ను నీలాగే బబ్లర్ అంటారు అని. తర్వాత గొంతు తగ్గించి, గదిలో అమ్మాయిలు నవ్వారని చెప్పింది. "కట్ ఆఫ్ ద లైట్" అందట. అప్పటి నుంచి వాళ్లు దాన్ని రోజుకు పదిసార్లు అనిపిస్తున్నారట. యాల్ అనడం మానేశాను, ఏం మాట్లాడాలన్నా ముందు లోపల అనుకుని చూసుకుంటున్నాను అంది.

నాకు నిద్ర ఎగిరిపోయింది. దానికి ఎప్పుడూ చెప్పని హాస్టల్ సంగతి అంతా చెప్పాను. ఎర్రగడ్డ, వార్డెన్ గది, జేజి అరుగు మీద అడిగిన ప్రశ్న. గమ్‌బ్యాండ్ అని ఎర్రబడిన మెడ. పెన్ హిల్స్ గుడిలో కడప అవ్వ. చాలాసేపు అటునుంచి శబ్దం లేదు, లైను కట్ అయిందేమో అనుకున్నాను.

"జేజి ఏమని అడిగిందమ్మా, మళ్లీ చెప్పు" అంది.

"ఎవురి మాట మాట్లాడుతాండావే పాపా, అని."

అది ఆ వాక్యాన్ని రెండుసార్లు అనుకుంది. తాండావే దగ్గర తడబడి, సరిచేసుకుని మళ్లీ అంది. తర్వాత ఆవలించి, "సరే అమ్మా, నాకు పొద్దున క్లాసుంది. ఐ యామ్ ఫిక్సిన్ టు పడుకోవడం" అంది. ఫోన్ పెట్టబోతూ పక్క మంచం అమ్మాయితో గట్టిగా అనడం నాకు వినపడింది, లైట్ కట్ ఆఫ్ చేయమని.